అంచు మీద ఏడు రంగులు

నా గళ్ల నోటుపుస్తకం మొదటి పేజీలో ఒకే ఒక్క సంఖ్య పెద్దగా రాసి ఉంటుంది: 69,888. 48కే స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్‌లో, ఒక ఫ్రేమ్‌కు, అంటే తెరను ఒకసారి గీసే వ్యవధికి దక్కే టీ-స్టేట్‌లు, అంటే గడియారపు టిక్కులు, అవి. ఆ యంత్రం తెరను సెకనుకు 50 సార్లు కొత్తగా గీస్తుంది. ఒకసారి గీయడం మొదలుపెట్టి మళ్లీ మొదటికి వచ్చేలోపు దాని ప్రాసెసర్ జెడ్80 గడియారం 69,888 సార్లు కొట్టుకుంటుంది. కీబోర్డు చదవడం, జీవులను కదిలించడం, ఏది దేనికి తగిలిందో చూడటం, పాత బొమ్మ చెరిపి కొత్తది గీయడం, చప్పుడు చేయడం, అన్నీ ఆ లెక్కలోనే ఇమడాలి. కాస్త ఎక్కువైనా తర్వాతి ఫ్రేమ్ మొదలయ్యేదాకా ఆగాల్సిందే. అప్పుడు ఆట సెకనుకు 50 ఫ్రేమ్‌ల నుంచి ఒక్కసారిగా 25కు పడిపోతుంది. 49 అనే మెట్టు లేదు.

1982లో వచ్చిన యంత్రం అది. 3.5 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 16 కేబీ రోమ్, 48 కేబీ ర్యామ్. రెండేళ్లుగా రాత్రిళ్లు దానికోసం ఒక ఆట రాస్తున్నాను. కథ చాలా చిన్నది: గదులు, గదుల్లో తిరిగే జీవులు, వాటి మధ్య నుంచి తప్పించుకుని వెళ్లే ఒక మనిషి. మనిషితో కలిపి తెర మీద ఒకేసారి ఏడు బొమ్మలు కదలాలి. ఒక్కొక్కటి 16 పిక్సెల్‌ల వెడల్పు, 16 పిక్సెల్‌ల ఎత్తు. వెనక ఉన్న గోడ చెడకుండా, బొమ్మ చుట్టూ నల్లటి డబ్బా కనిపించకుండా, మాస్క్ (ఎక్కడ బొమ్మ పడాలో, ఎక్కడ వెనకది మిగలాలో చెప్పే అచ్చు) వేసి గీయాలి. ఏడు అనే సంఖ్య ఎలా వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే నా పనంతా దాని మీదే నడిచింది.

స్పెక్ట్రమ్ తెర చుట్టూ ఒక అంచు ఉంటుంది. ప్రాసెసర్ నుంచి బయటికి వెళ్లే దారుల్లో ఒకటైన పోర్టు 254కు ఒక సంఖ్య పంపితే ఆ అంచు రంగు మారుతుంది. రంగు మారడం తక్షణం జరుగుతుంది, అంటే పాత టీవీ తెరను గీసే ఎలక్ట్రాన్ పుంజం ఆ క్షణంలో తెర మీద ఎక్కడ ఉందో అక్కడి నుంచే కొత్త రంగు పడుతుంది. బొమ్మ గీసే రొటీన్ (ఆ పని చేసే కోడ్ ముక్క) మొదలయ్యే ముందు అంచును ఎర్రగా మార్చి, అది ముగియగానే మళ్లీ నల్లగా మార్చండి. అంచు మీద ఒక ఎర్ర పట్టీ కనిపిస్తుంది. అదే మీ రొటీన్‌కు పట్టిన సమయం. తెరలో ఒక్కో గీతకు 224 టీ-స్టేట్‌లు కాబట్టి, పట్టీ ఎత్తు పది గీతలైతే 2,240. కొలిచే పరికరం ఏదీ అక్కర్లేదు. కోడ్‌లో ఒక ఆదేశం తీసేస్తే పట్టీ సన్నబడటం కళ్లతో చూస్తాం. పగలు నేను చేసే ఉద్యోగంలో సమయం అంకెలుగా, నివేదికలుగా, మర్నాడు వచ్చే గ్రాఫులుగా కనిపిస్తుంది. ఇక్కడ అది గోడకు రాసిన రంగులా ఎదురుగా ఉంటుంది. ఈ పని మీద నాకు మొదట ప్రేమ కలిగింది ఆ పట్టీ చూసినప్పుడే.

అంచుకు ఎనిమిది రంగులున్నాయి. నలుపు ఖాళీ సమయానికి వదిలేస్తే ఏడు మిగులుతాయి. నీలం, ఎరుపు, మెజెంటా, ఆకుపచ్చ, సయాన్, పసుపు, తెలుపు. ఒక్కో జీవిని గీసేటప్పుడు ఒక్కో రంగు. అందుకే ఏడు.

మొదటి రూపంలో ఆ రంగులు తెరంతా చుట్టుకుని, కింద అయిపోయి, మళ్లీ పైనుంచి మొదలయ్యేవి. కారణం తేలికగానే దొరికింది. ఒక బైటులో ఎనిమిది పిక్సెల్‌లు ఉంటాయి కాబట్టి, బొమ్మ బైటు హద్దు మీద సరిగ్గా కూర్చోనప్పుడు దాన్ని కుడికి జరపాలి. 16 పిక్సెల్‌ల బొమ్మ జరిగితే మూడు బైట్లలోకి పాకుతుంది. మూడు బైట్లను ఒక్క పిక్సెల్ జరపడానికి 24 టీ-స్టేట్‌లు, లూప్ తిప్పే డీజేఎన్‌జెడ్ ఆదేశానికి 13, కలిపి 37. ఏడు పిక్సెల్‌లు జరపాల్సి వస్తే 254, ఎందుకంటే చివరిసారి లూప్ బయటకు వస్తూ డీజేఎన్‌జెడ్ 8తో సరిపెట్టుకుంటుంది. బొమ్మకు ఒకసారి, మాస్క్‌కు ఒకసారి: 508. పదహారు వరుసలకు 8,128. ఏడు బొమ్మలకు 56,896. ఇంకా తెర మీద ఒక్క చుక్క పెట్టలేదు, ఫ్రేమ్‌లో ఐదింట నాలుగు వంతులు అప్పుడే ఖర్చయిపోయాయి.

దీనికి అందరూ చేసే పనే చేశాను. జరిపిన బొమ్మలన్నీ ముందే తయారుచేసి మెమరీలో పెట్టుకోవడం. ఒక బొమ్మకు మూడు బైట్ల వెడల్పున 16 వరుసలు, అంటే 48 బైట్లు, మాస్క్‌తో కలిపి 96. ఎనిమిది స్థానాలకు 768. నడకకు నాలుగు భంగిమలు, కుడి ఎడమలకు వేరువేరుగా ఎనిమిది. ఒక రకం జీవికి 6,144 బైట్లు, మూడు రకాలకు 18,432. మెమరీలో వేగంగా నడిచే పై 32 కేబీలో సగానికి మించి బొమ్మలే ఆక్రమిస్తే ఇక గదులను ఎక్కడ పెట్టాలి?

రెండు వారాలు బొమ్మలను కుదించే పద్ధతుల కోసం వెతికాను. సమాధానం కోడ్‌లో దొరకలేదు, ఆటలో దొరికింది. జీవులు ఒక్కో పిక్సెల్ కాక రెండేసి పిక్సెల్‌లు నడిస్తే? స్థానాలు ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గుతాయి, మెమరీ సగానికి, అంటే 9,216 బైట్లకు దిగుతుంది. సెకనుకు 50 ఫ్రేమ్‌లు నడిచేటప్పుడు రెండు పిక్సెల్‌ల అడుగు కంటికి గతుకులా అనిపించదు. అలా నా ప్రోగ్రామ్‌కు నేను ఒక మాట ఇచ్చాను: ఈ ఆటలో తెర మీద ఏ జీవి అడ్డం స్థానమూ, నిలువు స్థానమూ ఎప్పుడూ బేసి సంఖ్య కాదు. ఆ మాట నాకు ఎంత మేలు చేస్తుందో అప్పటికి సగమే తెలుసు.

ఇక గీసే లూప్. ప్రాసెసర్ లోపల ఏ, బీ, సీ, డీ, ఈ, హెచ్, ఎల్ అనే ఒక్క బైటు గూళ్లు, అంటే రిజిస్టర్లు ఉంటాయి; డీఈ, హెచ్‌ఎల్ లాంటి జతలు మెమరీలో ఒక చోటును చూపగలవు. యాండ్, ఆర్ అంటే రెండు బైట్లను బిట్టు బిట్టుగా కలిపే లెక్కలు. మొదట నేను రాసింది ఇలా ఉండేది: మాస్క్ డీఈ చూపే చోట ఉంది, తెర హెచ్‌ఎల్ చూపే చోట. మాస్క్ తెచ్చుకో, తెర బైటుతో యాండ్ చెయ్యి, డీఈని పెంచు, ఫలితాన్ని సీలో దాచు, బొమ్మ తెచ్చుకో, సీతో ఆర్ చెయ్యి, డీఈని మళ్లీ పెంచు, తెర మీద పెట్టు, ఎల్‌ను పెంచు. ఒక బైటుకు 52 టీ-స్టేట్‌లు. ఇందులో 12 కేవలం డీఈని రెండుసార్లు ముందుకు నడపడానికే పోతున్నాయి.

జెడ్80లో మెమరీ నుంచి రెండు బైట్లు ఒకేసారి తెచ్చి, పాయింటర్‌ను తనంతట తానే ముందుకు జరిపే ఆదేశం ఒకటుంది. పాప్. అది స్టాక్ కోసం, అంటే ప్రాసెసర్ తిరిగి రావాల్సిన చిరునామాల లాంటివి దాచుకునే కుప్ప కోసం పుట్టింది. కానీ ఆ కుప్ప కొనను చూపే స్టాక్ పాయింటర్‌ను బొమ్మ మొదలయ్యే చోటికి తిప్పితే, ప్రాసెసర్‌కు తేడా తెలియదు. మాస్క్‌నూ బొమ్మనూ ఒకదాని పక్కన ఒకటి జంటలుగా పేర్చాను. పాప్ బీసీ అనగానే మాస్క్ సీలోకి, బొమ్మ బీలోకి వచ్చి కూర్చుంటాయి. అందుకు 10. తెర బైటును ఏలోకి తేవడానికి 7, సీతో యాండ్‌కు 4, బీతో ఆర్‌కు 4, తిరిగి తెర మీద పెట్టడానికి 7, ఎల్ పెంచడానికి 4. మొత్తం 36. బైటుకు 16 మిగిలాయి. 48 బైట్లకు 768, ఏడు బొమ్మలకు 5,376. దాన్ని 224తో భాగిస్తే సరిగ్గా 24 వస్తుంది. ఆ రాత్రి మార్పు చేసి ఆట నడిపినప్పుడు రంగుల దొంతర అడుగు అంచు 24 గీతలు పైకి జరగాలి. మార్పుకు ముందూ తర్వాతా తెరను ఫొటోలు తీసి గీతలు లెక్కపెట్టాను. ఇంకొంచెం ఎక్కువే జరిగింది. ఎందుకో అప్పుడు తెలియలేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఎల్‌ను మాత్రమే పెంచడం గమనించారా? హెచ్‌ఎల్ మొత్తాన్ని పెంచితే 6, ఎల్ ఒక్కదాన్ని పెంచితే 4. తెరలో ఒక వరుసకు 32 బైట్లు, ఆ 32 స్థానాలూ ఎల్ లోని కింది ఐదు బిట్లలోనే ఉంటాయి. బొమ్మ కుడి అంచు దాటి పోనంతవరకు పైబైటును, అంటే హెచ్‌ను, ముట్టుకోనక్కర్లేదు. జీవులు కుడి గోడ దాటవు అన్నది రెండో మాట.

స్పెక్ట్రమ్ తెర అమరికను చాలామంది తిట్టుకుంటారు. మొదటి గీత 16384 దగ్గర మొదలైతే, దాని కిందిది 16416 దగ్గర ఉండాలని మన బుద్ధి చెబుతుంది. అక్కడ ఉండేది తొమ్మిదో గీత. రెండో గీత 16640 దగ్గర, అంటే 256 బైట్ల దూరంలో ఉంటుంది. పైగా తెర మూడు భాగాలుగా విడిపోయి ఉంటుంది. క్యాసెట్ నుంచి బొమ్మ లోడవుతుండగా చూసినవారికి ఆ వరుస గుర్తుండే ఉంటుంది, కిటికీ పలకలు ఒక్కొక్కటే మూసుకుంటున్నట్టు గీతలు నిండుతాయి. నేనూ మొదట తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ అమరికను గౌరవిస్తాను. 256 దూరం అంటే ఏమిటి? హెచ్‌ను ఒకటి పెంచడం. తెర మీద ఒక పిక్సెల్ కిందికి దిగడానికి 4 టీ-స్టేట్‌లు. గీతలు వరసగా పేర్చి ఉంటే ప్రతిసారీ 32 కలపాలి, హెచ్చుబాటును పైబైటుకు మోయాలి. ఇంకో సంగతి, పిక్సెల్ బైటు చిరునామాకూ దాని రంగు బైటు చిరునామాకూ కింది ఎనిమిది బిట్లు ఒకటే. ఒకదాన్నుంచి మరోదానికి వెళ్లాలంటే హెచ్ మాత్రం మార్చితే చాలు.

చిక్కు ఎక్కడంటే, ఎనిమిది గీతలకు ఒకసారి అక్షరపు హద్దు వస్తుంది. అక్కడ హెచ్ పెంచితే సరిపోదు. కాబట్టి ప్రతి వరుస తర్వాత హద్దు దాటామా అని అడగాలి. హెచ్ పెంచడం, దాన్ని ఏలోకి తేవడం, 7తో యాండ్, సున్నా కాకపోతే జేపీతో గెంతడం: 25 టీ-స్టేట్‌లు. 4తో అయ్యే పనికి 25, అదీ అత్యధికసార్లు "లేదు" అనే జవాబు కోసం.

ఇక్కడే మొదటి మాట రెండోసారి పనికొచ్చింది. నిలువు స్థానం ఎప్పుడూ సరిసంఖ్యే. హద్దు ఎనిమిది గీతలకు ఒకసారి, అదీ సరిసంఖ్య దగ్గరే వస్తుంది. అంటే బొమ్మలో మొదటి వరుస నుంచి రెండోదానికి, మూడో వరుస నుంచి నాలుగోదానికి దిగేటప్పుడు హద్దు రావడం అసాధ్యం. అక్కడ అడగనవసరం లేదు. ఎనిమిది చోట్ల 25 బదులు 4. బొమ్మకు 168 మిగులు. పైగా ఆ జంట వరుసల్లో మొదటిది ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు గీస్తే, ఎల్‌ను మళ్లీ మొదటి స్థానానికి తెచ్చే పని కూడా ఉండదు. ఎద్దులు చాలు తిరిగినట్టు, ఇటునుంచి వెళ్లి అటునుంచి రావడమే. రెండో వరుస బైట్లను మాత్రం మెమరీలో తిరగేసి పేర్చుకోవాలి. ఆ పేర్చడం ఒకసారి చేసే పని, గీయడం సెకనుకు 350 సార్లు చేసే పని.

ఈ పని మీద రాసినవాటిలో చిన్న చిట్కాలకే ఎక్కువ చోటు దక్కుతుంది. ఏలో సున్నా పెట్టడానికి ఎల్‌డీ వాడితే రెండు బైట్లు, 7 టీ-స్టేట్‌లు. ఎక్సార్ ఏ అంటే ఒక బైటు, 4. ఏను ఎడమకు జరపడానికి ఎస్‌ఎల్‌ఏ 8 తీసుకుంటుంది, ఏకు ఏనే కలిపితే 4. స్టాక్ పాయింటర్ పాత విలువను మెమరీ నుంచి తిరిగి తేవడానికి 20 పడుతుంది, కానీ దాన్ని రాబోయే ఆదేశపు కడుపులోనే రాసిపెడితే 10. తన కోడ్‌ను తానే మార్చుకునే ప్రోగ్రామ్ ఈ యంత్రంలో తప్పు కాదు, మధ్యలో కాష్ (ఆదేశాల నకళ్లు దాచే మెమరీ) లేదు కాబట్టి రాసింది వెంటనే నడుస్తుంది. ఇవన్నీ మంచివే. లూప్ లోపల ఉంటేనే లెక్కకు వస్తాయి. ఎక్సార్ ఏ ఫ్లాగులను (గత లెక్క ఫలితాన్ని గుర్తుంచుకునే బిట్లను) చెరిపేస్తుందని, ఎల్‌డీ చెరపదని మాత్రం గుర్తుంచుకోండి. క్యారీ అనే ఫ్లాగు నిలవాల్సిన చోట ఎక్సార్ పెట్టి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ఇప్పుడు ఆ తేలని లెక్క సంగతి. నోటుపుస్తకంలో ఒక బొమ్మకు, వెనక గోడను తిరిగి పెట్టడం, కొత్త చోటి గోడను దాచుకోవడం, గీయడం అన్నీ కలిపి సుమారు 4,200 టీ-స్టేట్‌లు తేలింది. అంటే దాదాపు 19 గీతలు. అంచు మీద నీలం, ఎరుపు, మెజెంటా పట్టీలు లెక్కకు సరిపోయాయి. ఆకుపచ్చ కాస్త లావుగా ఉంది. సయాన్, పసుపు, తెలుపు ఇంకా లావు. ఏడింటికీ ఒకే కోడ్. జీవులను అటూఇటూ మార్చి చూశాను. ఏది నాలుగోదిగా గీసినా అదే లావెక్కుతోంది.

తప్పు జీవిది కాదు, చోటుది. 16384 నుంచి 32767 వరకు ఉన్న మెమరీని ప్రాసెసర్ ఒంటరిగా వాడుకోలేదు. తెరను గీసే యూఎల్‌ఏ అనే చిప్ కూడా అక్కడే చదువుకోవాలి. ఇద్దరికీ ఒకేసారి కావాల్సి వస్తే యూఎల్‌ఏదే ముందు. ప్రాసెసర్ గడియారాన్ని అది కాసేపు ఆపేస్తుంది, అవసరాన్ని బట్టి ఒక్కో తాకిడికి ఆరు టీ-స్టేట్‌ల వరకు. అయితే పై అంచు గీస్తున్నంతసేపు యూఎల్‌ఏకు మెమరీతో పని లేదు. ప్రతి ఫ్రేమ్ మొదట్లో ప్రాసెసర్‌కు వచ్చే ఇంటరప్ట్ అనే సంకేతం తర్వాత 64 గీతల పాటు, అంటే సుమారు 14,336 టీ-స్టేట్‌ల పాటు, మెమరీ అంతా నాదే. 4,200 చొప్పున మూడు బొమ్మలు అందులో పట్టాయి. నాలుగోది గీస్తుండగా పుంజం తెరలోకి దిగింది.

నా కోడ్‌ను నేను 25000 దగ్గర పెట్టుకున్నాను, ఆ యంత్రంలోని బేసిక్ భాష నుంచి పిలవడానికి అనుకూలమని. అంటే బొమ్మ బైట్లే కాదు, ప్రతి ఆదేశాన్ని చదవడానికి కూడా ప్రాసెసర్ ఆ వరసలోనే నిలబడుతోంది. అసెంబ్లర్‌లో మొదటి పంక్తి మార్చి కోడ్‌నూ బొమ్మలనూ 32768కు పైకి తరలించాను. ఒక్క ఆదేశం కూడా మారలేదు. చివరి నాలుగు పట్టీలూ కుంచించుకుపోయాయి. తెర బైట్లను తాకినప్పుడు పడే ఆలస్యం మాత్రం మిగిలింది, దాన్ని ఎవరూ తప్పించలేరు. పాప్ మార్పు చేసిన రాత్రి 24 గీతలకంటే ఎక్కువ మిగలడానికి కారణం కూడా అదే. తగ్గించిన ఆదేశాలతో పాటు వాటి నిరీక్షణ కూడా పోయింది.

ఈ సంగతి తెలిశాక జీవులను పైనుంచి కిందికి వరసపెట్టి గీయడం మొదలుపెట్టాను. తెర పైభాగంలో ఉన్న జీవిని పుంజం చేరేలోపు గీసేయాలి. లేకపోతే దాన్ని చెరిపిన తర్వాత, గీసే ముందు పుంజం దాటిపోతుంది, ఆ జీవి మిణుకుమంటుంది. ఏడింటిని వరస పెట్టడం పెద్ద పని కాదు, ఎందుకంటే గత ఫ్రేమ్‌లో వరస సరిగా ఉంటే ఈ ఫ్రేమ్‌లో మామూలుగా ఒక జత మాత్రమే తారుమారవుతుంది. పక్కపక్కవాటిని ఒకసారి పోల్చుకుంటూ పోతే చాలు.

కామడోర్ 64 అనే మరో పాత కంప్యూటర్ మీద రాసే మిత్రుడు ఒకాయన ఉన్నారు. మా ఇద్దరి నోటుపుస్తకాలు వేరే భాషల్లా ఉంటాయి. ఆయన ప్రాసెసర్ 6502 కుటుంబానిది, ఐరోపా నమూనాలో ఒక ఫ్రేమ్‌కు 19,656 సైకిళ్లు. నా సంఖ్యలో మూడో వంతుకంటే తక్కువే, కానీ ఆయన ఆదేశాలు రెండు సైకిళ్లలో మొదలవుతాయి, నావి నాలుగులో. నాకు రిజిస్టర్లు ఎక్కువ, ఆయనకు ఏ, ఎక్స్, వై మూడే. వాటి లోటు తీర్చేది జీరో పేజీ, మెమరీలో మొదటి 256 బైట్లు. అక్కడి బైటును తేవడానికి మూడు సైకిళ్లు, మరెక్కడిదైనా నాలుగు. ఆ 256 బైట్లలో ఎవరికి చోటివ్వాలన్న దాని మీద ఆయన గంటలు గంటలు ఆలోచిస్తారు.

ఆయన దగ్గర నేర్చుకున్న ఒక పట్టికను ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆయన ప్రాసెసర్‌కూ నా ప్రాసెసర్‌కూ గుణకారం రాదు. జరుపుతూ కలుపుతూ పోవాలి. దాని బదులు, ప్రతి సంఖ్య వర్గాన్నీ నాలుగుతో భాగించి, భిన్నం వదిలేసి ఒక పట్టికలో పెట్టుకోండి. రెండు సంఖ్యల లబ్ధం కావాలంటే, వాటి మొత్తం దగ్గరి విలువలోంచి వాటి తేడా దగ్గరి విలువ తీసేయండి. 7, 4 తీసుకుందాం. మొత్తం 11, దాని వర్గం 121, నాలుగో వంతు 30. తేడా 3, వర్గం 9, నాలుగో వంతు 2. ముప్పైలోంచి రెండు పోతే 28. భిన్నం వదిలేశాం కదా, తప్పు రాదా? రాదు. రెండు సంఖ్యల మొత్తమూ తేడా రెండూ బేసి అయినా అవుతాయి, రెండూ సరి అయినా అవుతాయి, ఒకటి ఇదీ మరొకటి అదీ కావు. వదిలేసిన పావు రెండువైపులా ఉంటుంది, తీసివేతలో పోతుంది. రెండు చూపులు, ఒక తీసివేత. ఒక బైటు సంఖ్యలకు 511 విలువల పట్టిక చాలు. నా ఆటలో దాని అవసరం ఇంకా రాలేదు, అయినా రాసి పెట్టుకున్నాను.

మా తమ్ముడు ఆటను పరీక్షిస్తాడు. ఓపిక ఎక్కువ, ఒకే గదిలోకి వంద సార్లు వెళ్లి రమ్మన్నా వెళ్తాడు. ఒక రాత్రి ఫోను చేశాడు.

"అక్కా, గది మారుతుండగా తెర తెల్లబడి యంత్రం మొదటికి వెళ్లిపోయింది."

"ఏ గదిలో?"

"అదే చెప్పలేకపోతున్నాను. మళ్లీ వెళ్తే రాలేదు. నిన్న కూడా ఒకసారి అయింది, వేరే గదిలో."

ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు కన్నా ఎప్పుడూ వచ్చే తప్పు మేలు. నాలుగు రోజులు గదుల సమాచారంలో వెతికాను. ఏమీ లేదు. ఐదో రోజు తెర తుడిచే రొటీన్ దగ్గరికి వచ్చాను. అందులో తప్పుండదని నా నమ్మకం, ఎందుకంటే దాని మీద నాకు అంత ఇష్టం. మొదట అది మామూలు లూప్‌గా ఉండేది. బైటుకు 42, మొత్తం 6,144 బైట్లకు 2,58,043. మూడున్నర ఫ్రేమ్‌లకు పైనే. బైట్లను వరసగా నకలు చేసే ఎల్‌డీఐఆర్ ఆదేశం వాడితే బైటుకు 21, అది 1,29,019కి వచ్చింది. ఆ తర్వాత పుష్, స్టాక్ మీదికి రాసే ఆదేశం, పాప్‌కు ఎదురుది. స్టాక్ పాయింటర్‌ను తెర చివర, 22528 దగ్గర పెట్టి, సున్నాలున్న హెచ్‌ఎల్‌ను పుష్ చేస్తూ పోతే, ఒక్కో పుష్ 11 టీ-స్టేట్‌లలో రెండు బైట్లు రాసి తనే వెనక్కి నడుస్తుంది. పదహారు పుష్‌లు వరసగా రాసి, 192 సార్లు తిప్పాను. యూఎల్‌ఏ ఆలస్యం కాక 36,283. సగం ఫ్రేమ్.

స్టాక్ పాయింటర్‌ను ఇలా అరువు తీసుకున్నప్పుడు ఇంటరప్ట్ వస్తే ప్రమాదమని నాకు తెలుసు. ఇంటరప్ట్ రాగానే ప్రాసెసర్ తిరిగి రావాల్సిన చిరునామాను స్టాక్ మీద, అంటే అప్పుడు స్టాక్ పాయింటర్ ఎక్కడ ఉంటే అక్కడ రాస్తుంది. జీవులను గీసే చోట అది బొమ్మలనే చెరిపేస్తుంది. అక్కడ హాల్ట్ (ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగమనే ఆదేశం) తర్వాత వెంటనే మొదలుపెడతాను, తర్వాతి ఇంటరప్ట్ వచ్చేలోపు పని అయిపోతుంది. తెర తుడిచేటప్పుడు మాత్రం ఇంటరప్ట్ వచ్చినా ఫరవాలేదని లెక్కవేశాను. చిరునామా పడేది ఇంకా తుడవని తెర మీద. పని చేసుకుని అది వెళ్లిపోతుంది, తర్వాత నా పుష్ ఆ చెత్తను కూడా తుడిచేస్తుంది. ఇంటరప్ట్‌లను ఆపితే మరో నష్టం కూడా ఉంది. ఆ సంకేతం 32 టీ-స్టేట్‌లే నిలుస్తుంది, ఆ సమయంలో చెవి మూసుకుని ఉంటే ఒక టిక్కు పోతుంది, ఆటలోని గడియారం వెనకబడుతుంది. అందుకే ఆపలేదు.

నా తర్కం తెర అంతటా నిజం, చివరి పది పదిహేను బైట్ల దగ్గర తప్ప. తెర 16384 దగ్గర మొదలవుతుంది. దాని కింద ఉన్నది రోమ్. అక్కడ రాసినది నిలవదు. స్టాక్ పాయింటర్ ఆ హద్దు దగ్గరికి వచ్చినప్పుడు ఇంటరప్ట్ వస్తే, ప్రాసెసర్ దాచుకున్న చిరునామాలు శూన్యంలో పడిపోతాయి. తిరిగి తీసుకోబోతే రోమ్‌లో ఉన్న బైట్లు వస్తాయి. స్పెక్ట్రమ్ రోమ్ చివర ఉండేవి అక్షరాల ఆకారాలు, ఆఖరి ఎనిమిది బైట్లు కాపీరైట్ గుర్తువి. నా ప్రాసెసర్ తన ఇంటి దారి అనుకుని అక్షరాల వంపులను చదివి, అవి చూపిన చోటికి వెళ్లిపోయింది.

ఆ ప్రమాదకరమైన కిటికీ ఎంత? ఏడెనిమిది పుష్‌లు, చివర స్టాక్ పాయింటర్‌ను తిరిగి పెట్టే ఆదేశం, కలిపి సుమారు వంద టీ-స్టేట్‌లు. 69,888లో వంద. గది సుమారు 700 సార్లు మారితే ఒకసారి. తమ్ముడి ఓపిక లేకపోతే నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

బొమ్మలు రెండేసి అడుగులు వేస్తాయని, కుడి గోడ దాటవని మాట తీసుకున్నాను, వాటి కదలిక నా చేతిలో ఉంది కాబట్టి అవి నిలబెట్టుకున్నాయి. ఇంటరప్ట్ దగ్గర నేను ఏ మాటా తీసుకోలేదు. తుడవడానికి ముందు ఒక్క హాల్ట్ చేర్చాను. అప్పుడే ఇంటరప్ట్ వచ్చి వెళ్లి ఉంటుంది, తర్వాతిది 69,888 దాకా రాదు, నా తుడుపు ఆలోపే ముగుస్తుంది. టిక్కు పోదు, చెవి మూయనక్కర్లేదు. గది మారేటప్పుడు ఒక ఫ్రేమ్ ఆగితే ఎవరి కంటికీ కనిపించదు. ఒక బైటు.

"రెండు వేల సార్లు మారాను అక్కా, ఆగలేదు," అన్నాడు తమ్ముడు వారం తర్వాత. నిజంగానే లెక్క రాసుకున్నాడు, ఐదేసి గీతలు గుత్తులుగా.

ఇప్పుడు రంగుల దొంతర పై అంచులో మొదలై తెర నడుమ దాటి కాస్త కిందికి వచ్చి ఆగుతుంది. కింద నలుపు చాలా మిగిలింది. ఢీకొనడం, చప్పుడు, జీవుల ఆలోచన అన్నీ పోగా ఇంకో బొమ్మకు చోటుంది. తమ్ముడు ఎనిమిదో జీవి కావాలంటున్నాడు, గోడల మీద నడిచేది. దానికి సమయం ఉంది, మెమరీ ఉంది, అంచులో రంగు మాత్రం లేదు. ఈ రాత్రికి తెలుపు తర్వాత మళ్లీ నీలం వాడుతున్నాను. రెండు నీలాల మధ్య ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయాలి.